హెబ్రీ 11:1 యవ్వనస్థులకు చెప్పేటప్పుడు "రుజువు ఏది?" అంటే ఏమనాలి?

తిమోతి_క్లాసు

అందరికీ వందనాలు. మా యవ్వనస్థుల కూడికలో వచ్చే నెల నాలుగు ఆదివారాలకూ "విశ్వాసం" అంశం పెట్టుకున్నాం. మొదటి వారం హెబ్రీ 11:1. వచ్చేది ఇరవై మంది, అందరూ డిగ్రీ, ఇంజినీరింగ్ చదివేవాళ్ళే. చేతిలో ఉన్నది గంట. మూడు చోట్ల ఇరుక్కుపోతానని అనిపిస్తోంది.

ఆ వచనంలోనే "రుజువు" అనే మాట ఉంది. విశ్వాసమే రుజువు అంటే "నేను నమ్మాను కాబట్టి అది నిజం" అన్నట్టు వినపడుతుంది. సైన్సు చదివే పిల్లలు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు.

తర్వాత తోమా, యేసు తిరిగి లేచాడంటే చూస్తేనే నమ్ముతానన్న శిష్యుడు. "చూడక నమ్మినవారు ధన్యులు" అని చెప్పగానే, ప్రశ్న అడిగితే పాపమన్నట్టు అందరూ నోళ్ళు మూసుకుంటారు. అది నాకు ఇష్టం లేదు.

ఇక సూచనలు అడగడం. "ఈ ఉద్యోగం నీ చిత్తమైతే సోమవారంలోగా ఫోను రావాలి ప్రభువా" అని ప్రార్థించేవాళ్ళు మా గుంపులోనే ఉన్నారు. బైబిల్లో గిద్యోను ఉన్ని పరిచి సూచన అడిగాడుగా అంటారు. వాళ్ళకేం చెప్పాలి?

పెద్ద పెద్ద సిద్ధాంతాలు వద్దు. క్లాసులో నిలబడి చెప్పగలిగేలా ఉంటే చాలు.

---

బెరయవాసి

వందనాలు బ్రదర్. మాటల సంగతి నేను చెప్తాను, మిగతావి ఇక్కడి పెద్దలు చూస్తారు.

11:1 దగ్గర మొదలుపెట్టకండి. ముందు 10:32 నుంచి చదివించండి. అధ్యాయాలుగా విడగొట్టింది చాలా శతాబ్దాల తర్వాత. రాసినవాడు ఆపకుండా రాసుకుంటూ వచ్చాడు. ఈ ఉత్తరం అందుకున్నవాళ్ళు ఎవరో 10:34లో తెలుస్తుంది: ఆస్తి దోచుకుపోతుంటే సంతోషంగా ఒప్పుకున్నవాళ్ళు, చెరసాలలో ఉన్నవాళ్ళ కోసం నిలబడినవాళ్ళు. వాళ్ళు ఇప్పుడు అలిసిపోయి, వెనక్కి వెళ్ళిపోదామా అనుకుంటున్నారు. "దేవుడు ఉన్నాడా, లేడా" అని చర్చకు కూర్చున్నవాళ్ళకు రాసిన నిర్వచనం కాదిది. ఇల్లు పోయినవాళ్ళకు "మీరు పట్టుకున్నది గాలి కాదు" అని చెప్పిన మాట. ఈ ఒక్క సంగతి పిల్లలకు అందితే సగం చిక్కు విడిపోతుంది.

తర్వాత వచనం: "విశ్వాసమనునది నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపమును, అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువునై యున్నది." ఇందులో నిరీక్షణ, నిజస్వరూపం, రుజువు, ఈ మూడూ బోర్డు మీద రాయండి.

నిరీక్షణ అంటే బయట ఉత్త ఎదురుచూపు. "ఫలితాల కోసం నిరీక్షణ" అని పేపర్లో చదువుతుంటాం, ఫలితం ఎటైనా రావచ్చు. బైబిల్ తెలుగులో అలా కాదు. మాట ఇచ్చినవాడు ఒకడున్నాడు, ఆ మాట మీద నిలబడి ఎదురుచూడడం నిరీక్షణ.

నిజస్వరూపం అని మనవాళ్ళు తర్జుమా చేసిన గ్రీకు మాట హుపోస్టాసిస్. విడదీస్తే "కింద నిలబడి ఉన్నది", అంటే పునాదిలాంటిది. ఇదే మాట ఇదే పత్రికలో ఇంకో రెండు చోట్ల ఉంది. 1:3లో మనకు "తత్వము" అని, 3:14లో "దృఢవిశ్వాసము" అని కనిపిస్తుంది. మూడూ పక్కపక్కన రాసి చూపించండి, పిల్లలకు ఆసక్తి పుడుతుంది. ఐగుప్తులో దొరికిన పాత పత్రాల్లో ఈ మాట ఆస్తి హక్కుల సందర్భంలో వస్తుందని, అందుకే ఇది "దస్తావేజు" అని కొందరు బోధకులు చెప్తారు. పోలికగా బాగానే ఉంటుంది. కానీ ఇక్కడ అర్థం అదేనని ఖాయం చేయకండి, పండితులే ఒక మాట మీద లేరు.

రుజువు దగ్గరే మీ పిల్లలు పట్టుకునేది. గ్రీకు ఎలెంఖోస్ ల్యాబ్ మాట కాదు, వాదోపవాదాల్లో వాడే మాట. ఎదుటివాడు కాదనలేని స్థితికి తెచ్చే నిరూపణ. దీని క్రియారూపమే యోహాను 16:8లో "ఒప్పుకొనజేయును" అని వచ్చింది. కాబట్టి నమ్మడం వల్ల కనిపించని సంగతి నిజమైపోతుందని ఇక్కడ అర్థం కాదు. కనిపించనిదాని గురించి మనిషి లోపల ఒప్పుదల కలిగి, దాని మీద అడుగు వేస్తాడని. ఆ ఒప్పుదల ఎక్కణ్ణుంచి వచ్చిందంటే హెబ్రీ 10:23 చూపించండి: "వాగ్దానము చేసినవాడు నమ్మదగినవాడు గనుక". 11:11లో శారా గురించీ అదే మాట. బరువంతా నమ్మేవాడి గుండెధైర్యం మీద లేదు, మాట ఇచ్చినవాడి మీద ఉంది.

కుర్చీ ఉదాహరణ మాత్రం దయచేసి వాడకండి. "కుర్చీ మోస్తుందని నమ్మి కూర్చున్నావు కదా, అదే విశ్వాసం" అంటారు. కూర్చునే ముందు కుర్చీని ఊపి చూడొచ్చు. వస్తువును నమ్మడం వేరు, మనిషిని నమ్మడం వేరు. దానికంటే చీటీ చెప్పండి. ఇరవై నెలల తర్వాత వచ్చే మొత్తం ఈ రోజు కంటికి కనిపించదు. కనిపించేది చీటీ నడిపే ఆమె ఇన్నేళ్ళుగా మాట నిలబెట్టుకున్న తీరు. అది చూసి నెలనెలా కడతాం. "చీటీలవాళ్ళు పారిపోతారు కదన్నా" అని ఎవడో ఒకడు తప్పకుండా అంటాడు. అననివ్వండి, మీకు కావలసిన ప్రశ్న అదే. నమ్మకం ఎంత గట్టిదన్నది కాదు, ఎవరిమీద పెట్టామన్నదే తేలాలి.

---

ఆదివారం_బడి

బెరయవాసి గారు చెప్పిన దానికి గంటలో ఏది ఎంతసేపో చెప్తాను.

ముందుగా తలా ఒక కాగితం చీటీ ఇచ్చి, పేరు రాయకుండా "దేవుణ్ణి నమ్మడంలో నాకు కష్టంగా ఉన్నది" ఒక్క వాక్యంలో రాయమనండి. అయిదు నిమిషాలు. చీటీలు తీసుకుని పక్కన పెట్టండి, ఆ రోజు చదవద్దు. వారమంతా చూసుకుని మిగతా మూడు ఆదివారాలు వాటి మీద నడపండి. అప్పటికప్పుడు చదివితే చేతిరాత గుర్తుపట్టేస్తారు, రెండోసారి ఎవరూ నిజం రాయరు.

10:32 నుంచి 11:3 వరకు చదవడానికి, ఆ మూడు మాటలకు కలిపి పదిహేను నిమిషాలు.

ఆ తర్వాత అబ్రాహాము. దీనికి ఇరవై నిమిషాలు ఇవ్వండి, తగ్గించకండి. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీయండి, సంవత్సరానికి ఒక అంగుళం. ఎడమ చివర 75: హారాను నుంచి బయలుదేరినప్పటి వయసు, ఆదికాండము 12:4. కుడి చివర 100: దేవుడు మాట ఇచ్చిన కొడుకు ఇస్సాకు పుట్టినప్పుడు, 21:5. మధ్యలో 86: దాసి హాగరుకు ఇష్మాయేలు పుట్టినప్పుడు, 16:16. తర్వాత 99: దేవుడు మళ్ళీ ప్రత్యక్షమైనప్పుడు, 17:1. ఇప్పుడు 86కీ 99కీ మధ్య ఏం రాయాలో పిల్లల్నే అడగండి. బైబిల్లో ఆ పదమూడేళ్ళ గురించి ఒక్క మాట లేదు. 16వ అధ్యాయం ఆఖరి వచనం, 17వ అధ్యాయం మొదటి వచనం, అంతే. ఆ పదమూడు అంగుళాలు ఖాళీగానే వదిలేయండి. క్లాసు అయ్యేదాకా ఆ ఖాళీ వాళ్ళ కళ్ళముందు ఉండాలి.

గీతను 100 దగ్గర ఆపకుండా 137 దాకా సాగదీయండి, అక్కడ కొలత పాటించనక్కర్లేదు. శారా 127 ఏళ్ళకు చనిపోయింది, అబ్రాహాము ఆమె కంటే పదేళ్ళు పెద్ద. భార్యను పాతిపెట్టడానికి మక్పేలా గుహను నాలుగువందల తులాల వెండి తూచి కొనుక్కున్నాడు. దేశమంతా నీదే అని మాట పొందినవాడి చేతిలో చివరికి కాగితం మీద ఉన్నది ఒక సమాధి స్థలం! అప్పుడు హెబ్రీ 11:13 చదవండి, వాగ్దాన ఫలం అనుభవించకుండానే దూరం నుంచి చూసి వందనం చేశారని. ఇక్కడ వివరణ అక్కర్లేదు, చదివి కాసేపు ఊరుకోండి.

మిగిలిన ఇరవైలో పదిహేను నిమిషాలు తోమాకు. మనవాళ్ళు తోమాను చాలా అన్యాయంగా బోధిస్తారు, అది సరిదిద్దాలి. యోహాను 20:20 చదవండి. యేసు మిగతా శిష్యులకు చేతులూ ప్రక్కా చూపించాకే వాళ్ళు సంతోషించారు. ఆ రోజు తోమా అక్కడ లేడు. వాళ్ళు చూసినదే తనకూ కావాలన్నాడు, అంతకు మించి ఏమీ అడగలేదు. తర్వాత 20:26 చూడండి: ఎనిమిది రోజుల తర్వాత కూడా తోమా వాళ్ళతోనే ఉన్నాడు. నమ్మలేకపోయినా గుంపు వదిలిపోలేదు, నమ్మినవాళ్ళూ అతన్ని బయటికి పంపలేదు. యేసు ప్రత్యేకంగా అతని కోసం వచ్చి, అతను అడిగిన మాటలనే తిరిగి చెప్పాడు. వేలు పెట్టి చూశాడని వచనంలో ఎక్కడా లేదు. "నా ప్రభువా, నా దేవా" అన్నాడని మాత్రం ఉంది. మద్రాసులో మైలాపూరు దగ్గర ఉన్న సాంథోమ్ ఈ తోమా పేరు మీదనే. ఆయన క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడని అక్కడి సంఘాలు తరతరాలుగా చెప్పుకుంటాయి.

"చూడక నమ్మినవారు" అంటే ఆధారం లేకుండా నమ్మినవారని కాదు. వెంటనే 20:31 చూడండి, మీరు నమ్మేలా ఇవి రాశాను అంటాడు యోహాను. చూసినవాళ్ళ సాక్ష్యం మీద, చూడనివాళ్ళు నమ్ముతారు. 1 కొరింథీ 15:6లో పౌలు అయిదువందల మందికి పైగా చూశారని, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని రాశాడు. వెళ్ళి అడగండి అన్నట్టే కదా అది.

చివరి అయిదు నిమిషాలకు మార్కు 9:24. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." అందరితో గట్టిగా చెప్పించకండి, ఎవరికి వాళ్ళు మనసులో చెప్పుకోనివ్వండి.

---

మార్త_ఫార్మసీ

సూచనల గురించి నేను రాస్తాను. అందులోనే మందుల సంగతి కూడా ఉంది, అది మీ పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

గిద్యోను కథ న్యాయాధిపతులు 6:36 నుంచి చదివించండి. నేలంతా ఆరి ఉండి ఉన్ని మాత్రమే మంచుకు తడవాలని సూచన అడుగుతూ, ఉన్ని పరిచే ముందే అతను "నీవు సెలవిచ్చినట్లు" అంటాడు. దేవుడు ఏం చేయమన్నాడో తనకు తెలుసు. ఉన్నిని పిండితే పాత్ర నిండా నీళ్ళు వచ్చాయి, అయినా మర్నాడు తిరగేసి మళ్ళీ అడిగాడు. దేవుడు ఓర్చుకుని రెండుసార్లూ ఇచ్చాడు. కానీ 7వ అధ్యాయం వదిలేయకండి. 32,000 మందితో బయలుదేరినవాడికి ముందు 22,000 మంది తిరిగి వెళ్ళిపోయారు, తర్వాత 300 మందే మిగిలారు. కంటికి కనిపించే ఆధారం అడిగినవాడి దగ్గర్నుంచి దేవుడు కంటికి కనిపించే బలం తీసేశాడు. ఈ సగం ఎవరూ చెప్పరు.

అలాగని సూచన అడగడమే పాపమని చెప్పకండి, అదీ తప్పే. ఆహాజు రాజును దేవుడే సూచన అడగమంటే "నేను యెహోవాను శోధింపను" అని భక్తిగా మాట్లాడి మందలింపు తిన్నాడు, యెషయా 7:12. హిజ్కియా రాజు అడిగితే నీడ పది మెట్లు వెనక్కి నడిచింది. తేడా ఎక్కడంటే, వాళ్ళందరి ముందూ దేవుడు అప్పటికే పలికిన మాట ఒకటి ఉంది. "సోమవారంలోగా ఫోను" అనే ప్రార్థనలో ఆ మాట లేదు. గడువు మనమే పెట్టాం, గుర్తూ మనమే పెట్టాం. సోమవారం ఫోను రాకపోతే "సాయంత్రం దాకా ఆగుదాం" అంటాం, మంగళవారం వస్తే "ఆలస్యంగా వచ్చినా దేవుడే" అంటాం. ఏది జరిగినా సరిపోయేది గుర్తు ఎలా అవుతుంది? ఆ పిల్లలకు యాకోబు 1:5 చూపించి, జ్ఞానం అడగమనండి. జీతం, ఊరు, ఇంట్లో అవసరాలు, ఆదివారం సెలవు ఉంటుందో లేదో, అన్నీ కాగితం మీద రాసుకుని ఇద్దరు పెద్దలతో మాట్లాడమనండి. అది అవిశ్వాసం కాదు.

మందుల సంగతి. "మాత్ర వేసుకుంటున్నావంటే నీకు విశ్వాసం లేదన్నమాట" అనే బోధ మన కూడికల్లో తిరుగుతోంది. దీనివల్ల ప్రాణాలు పోతాయి. టైప్ 1 షుగరు ఉన్నవాళ్ళు ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే రక్తం ఆమ్లమైపోయి వాంతులు, ఆయాసంతో లోతుగా ఊపిరి తీయడం, నోట్లో పండిన పళ్ళ వాసన మొదలవుతాయి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళకపోతే బతకరు. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. టీబీ సంగతి ఇంకా మోసకరం. మామూలుగా ఆరు నెలలు వాడాల్సిన మందులకు మొదటి కొన్ని వారాల్లోనే దగ్గు, జ్వరం తగ్గి, ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే కూడికలో "స్వస్థత పొందాను" అని సాక్ష్యం చెప్పి మందులు ఆపేస్తారు. లోపల మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారై తిరిగి వస్తాయి, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటాయి. సాక్ష్యం చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, తగ్గినమాట నిజమే. ఎందుకు తగ్గిందో తెలియకపోవడం వల్ల వచ్చిన నష్టం అది.

దీనికి వాక్యమే చాలు. 2 రాజులు 20 తీయండి. జబ్బుతో చావబోతున్న హిజ్కియాకు "నిన్ను బాగుచేసెదను, మూడవ దినమున నీవు యెహోవా మందిరమునకు ఎక్కిపోవుదువు" అని దేవుడే మాట ఇచ్చాడు. రెండు వచనాల తర్వాతే ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు. వాగ్దానం చేతిలో ఉంది, మందు పుండు మీద ఉంది. ప్రవక్తకు అందులో ఏ చిక్కూ కనిపించలేదు.

బాగుపడనివాళ్ళను "నీ విశ్వాసం తక్కువ" అనకూడదని కూడా గట్టిగా చెప్పండి. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. తన తోటి పనివాడు త్రోఫిము రోగియై ఉంటే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు, 2 తిమోతి 4:20. హెబ్రీ 11లో కత్తివాత నుంచి తప్పించుకున్నవాళ్ళు 34వ వచనంలో ఉన్నారు, కత్తివాత చచ్చినవాళ్ళు 37లో ఉన్నారు. ఇద్దరిదీ ఒకే విశ్వాసం, ఒకే జాబితా.

---

గుండ్లకమ్మ_ఒడ్డు

పిల్లలకు మన నేల మీద జరిగినది ఒకటి చెప్పాలనుకుంటే ఒంగోలు ఉంది.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను ఏళ్ళ తరబడి పనిచేసినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. 1853లో దాన్ని మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న ఆ మిషను మిషనరీ లైమన్ జ్యువెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కన ఉన్న కొండ మీద తెల్లవారుజామున మోకరించి, ఆ ఊరికి ఒకరిని పంపమని ప్రార్థించారు. కింద చూస్తే అందుకు తగిన గుర్తు ఒక్కటీ లేదు. అదే మిషను పంపిన జాన్ క్లౌ మన దేశానికి వచ్చింది 1865లో, ఒంగోలులో స్థిరపడింది ఆ మరుసటి ఏడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ అంకె ఒక్కటే చెప్తే పాఠం చెడుతుంది. "ప్రార్థించారు, దేవుడిచ్చాడు" అని సూత్రంలా తయారవుతుంది. అసలు చూపించాల్సింది దానికి ముందున్న కరువు కాలం. 1876 నుంచి 78 వరకు ధాత కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, గంజి దొరికేలా చేశాడు. వాళ్ళలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఏడాదికి పైగా ఇవ్వకుండా ఆపాడు. అన్నం కోసం అడుగుతున్నారో, నమ్మి అడుగుతున్నారో తేలాలని. సహాయం చేతికందుతున్నంతకాలం ఆ సంగతి తేలదని ఆయనకు తెలుసు. కరువు సడలి, పంచడానికి ఏమీ లేనప్పుడు కూడా వాళ్ళు వచ్చి అడిగారు. మీ అంశానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించదు. ఇంకో మాట, అంతమందికి వాక్యం చేరింది దొరల నోటితో కాదు. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్యలాంటి మాదిగ పెద్దలు ఊరూరా కాలినడకన తిరిగి చెప్పారు. ఆయన పేరు క్లాసులో తప్పకుండా పలకండి.

---

తిమోతి_క్లాసు

అందరికీ కృతజ్ఞతలు. అంగుళాల గీత, అంజూరపు ముద్ద రెండూ రాసుకున్నాను. ఇంకో రెండు అడుగుతాను. మా పిల్లలందరి దగ్గరా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తలా ఒక వచనంతో తీసుకున్న వాగ్దాన కార్డులు ఉన్నాయి, సగం మందికి మీ గురించి నావి మేలైన ఉద్దేశాలే అని దేవుడు చెప్పిన యిర్మీయా 29:11. "వాగ్దానం వచ్చింది, మరి ఉద్యోగం రాలేదేం" అంటున్నారు. రెండోది, చిన్నప్పటినుంచీ మందిరంలో పెరిగిన ఒక అబ్బాయి "ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్టుంది" అంటున్నాడు. చీటీలో అదే రాస్తాడు.

---

బెరయవాసి

కార్డు చింపమనకండి, పైవచనం చదివించండి. 29:10లో "డెబ్బది సంవత్సరములు" అని ఉంది. బబులోను చెరలో ఉన్న యూదులకు రాసిన ఉత్తరం అది. వినేవాళ్ళలో చాలామంది తిరిగి వెళ్ళడం కళ్ళతో చూడరు. అందుకే 29:5లో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటాడు. ఆ వాగ్దానం జనమంతటికీ ఇచ్చినది. ఈ ఏడాదిలో నాకొక్కడికే అని కార్డు మీద అచ్చువేసినప్పుడు ఆ డెబ్బై ఏళ్ళు జారిపోయాయి.

ఆ అబ్బాయి గురించి. అతని చేత స్తోత్రం చెప్పించే ప్రయత్నం చేయకండి, సాక్ష్యం అడగకండి. కీర్తన 88 తెరిచి ఇద్దరూ కలిసి చదవండి. చాలా కీర్తనల్లా ఇది చివరికి వెలుగులోకి రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. అయినా అది ప్రార్థనే, దాన్ని పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. అతను గోడతో మాట్లాడినట్టుందని చెప్పడం కూడా అలాంటిదే. నిద్ర, తిండి, చదువు కూడా రెండు వారాలుగా దెబ్బతిని ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. మార్త గారు చెప్పినదే ఇక్కడా.

ఒక మాట ముందే రాయాల్సింది, మర్చిపోయాను. హెబ్రీ 10:38లో ఉన్నది హబక్కూకు 2:4. "నీతిమంతుడు విశ్వాసము మూలముగా బ్రదుకును" అన్నచోట హెబ్రీ మాట ఎమూనా. అదే మాట నిర్గమకాండము 17:12లో ఉంది. అక్కడ మనకు "నిలుకడగా" అని తర్జుమా చేశారు. అమాలేకీయులతో యుద్ధమప్పుడు గెలుపు కోసం పైకెత్తి ఉంచాల్సిన మోషే చేతులు బరువెక్కాయి. కింద రాయి పెట్టి కూర్చోబెట్టి, అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు పట్టుకున్నారు. ఆ చేతులు ఎమూనాగా ఉన్నాయని రాసి ఉంది, పొద్దుగుంకేదాకా. ఆ అబ్బాయితో ఇది చెప్పండి. ఆ వారం అతనికి రోజూ ఫోను చేయడానికి క్లాసులో ఇద్దరిని అనుకోండి, ఒక్కరికే అప్పగించకండి.